181కి ఫోన్ చేస్తే తర్వాత ఏమవుతుంది? గృహ హింస హెల్ప్‌లైన్‌పై మన ఇళ్లలోని భయాలు, అసలు సంగతులు

తెలంగాణలో 18 నుంచి 49 ఏళ్ల వయసున్న వివాహిత మహిళల్లో 36.9 శాతం మంది ఎప్పుడో ఒకప్పుడు భర్త చేతిలో శారీరక లేదా లైంగిక హింసకు గురయ్యారు. ఆంధ్రప్రదేశ్‌లో ఇది 30 శాతం. దేశ సగటు 29.3 శాతం. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పిన లెక్కలివి. ఈ లెక్క మతాలవారీగా ఇచ్చింది కాదు, అన్ని ఇళ్లదీ కలిపి. కాబట్టి ఇది పక్కింటి సమస్య అనుకుని ఎవరూ పేపర్ మడిచి పెట్టేయడానికి లేదు.

అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం తప్పు కాదని రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాదాపు 84 శాతం మంది మహిళలే చెప్పారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇల్లు, పిల్లల్ని సరిగ్గా చూసుకోకపోవడం, అత్తమామల్ని గౌరవించకపోవడం లాంటివి ఆ కారణాలు. ఈ విషయంలో దేశంలో మనమే ముందున్నాం. దేశం మొత్తంగా చూస్తే హింసకు గురైన మహిళల్లో 77 శాతం మంది ఎవరి సాయమూ అడగలేదు, ఎవరికీ చెప్పుకోలేదు. సాయం అడిగినవాళ్లు 14 శాతమే. వాళ్లలోనూ ఎక్కువ మంది వెళ్లింది పుట్టింటివాళ్ల దగ్గరికే.

మరి 181 హెల్ప్‌లైన్ ఉంది కదా? 24 గంటలూ పనిచేస్తుంది, ఫోన్‌లో బ్యాలెన్స్ లేకపోయినా ఫర్వాలేదు, ఉచితం. అయినా ఫోన్ చేయడానికి చెయ్యి ఎందుకు రావడం లేదు? ఇళ్లలో వినపడే కారణాలు ప్రధానంగా మూడు. ఒకటి, ఫోన్ చేయగానే పోలీసులు వచ్చి ఇంటాయన్ని జైల్లో వేస్తారు. రెండు, విషయం తెలిస్తే కోపంలో తలాక్ చెప్పేస్తాడు. మూడు, మొహల్లా అంతా తెలిసి ఇజ్జత్ పోతుంది. ఈ మూడు భయాల వెనుక నిజం ఎంత, అపోహ ఎంత అన్నది ఫోన్ చేసే మహిళకే కాదు, ఆమె తల్లిదండ్రులకు, అన్నదమ్ములకు కూడా తెలిసి ఉండాలి.

ఈ నంబర్ ఎలా వచ్చింది

2012 డిసెంబర్‌లో ఢిల్లీ బస్సులో జరిగిన అత్యాచార ఘటన తర్వాత అక్కడ మహిళల కోసం 181 హెల్ప్‌లైన్ మొదలైంది. 2015 ఏప్రిల్ 1 నుంచి కేంద్ర ప్రభుత్వం దీన్ని అన్ని రాష్ట్రాలకూ పథకంగా తెచ్చింది. తెలంగాణలో 2017లో ప్రారంభమైంది. దీనికి జోడీగా అదే 2015లో వచ్చినవి వన్ స్టాప్ సెంటర్లు. జనం నోట్లో వీటి పేరు సఖి సెంటర్. 2022 నుంచి ఈ రెండూ కేంద్రం నడిపే మిషన్ శక్తి కిందికి వచ్చాయి.

112, 181 మధ్య తేడా చాలామందికి తెలీదు. 112 అత్యవసర నంబర్. ఇప్పుడే కొడుతున్నాడు, తలుపు పగలగొడుతున్నాడు, ప్రాణానికి ప్రమాదం అన్నప్పుడు చేయాల్సింది దానికే. పాత 100 చేసినా పోలీసులకే వెళ్తుంది. 181 అత్యవసరంలోనూ స్పందిస్తుంది. కానీ దాని అసలు పని అంతకంటే పెద్దది. ఏళ్ల తరబడి నలుగుతున్న మనిషి మాట వినడం, దారులేంటో చెప్పడం, ఆ దారిలో ఉన్న ఆఫీసులతో కలపడం.

ఫోన్ ఎత్తిన తర్వాత

ఒక మహిళ ఫోన్ చేసిందనుకుందాం. అవతల కౌన్సెలర్ మొదట అడగాల్సింది పేరు, ఊరు కాదు. "అమ్మా, ఇప్పుడు మాట్లాడటం మీకు క్షేమమేనా? ఆయన ఇంట్లోనే ఉన్నారా?" అన్నది మొదటి ప్రశ్న. ప్రమాదం ఉందంటే వెంటనే పోలీసులకో, దెబ్బలు తగిలితే 108కో కలుపుతారు. ప్రమాదం లేదంటే నెమ్మదిగా వింటారు. ఎన్నాళ్ల నుంచి జరుగుతోంది, పిల్లలున్నారా, ఇంతకుముందు గొంతు నులమడం, చంపుతానని బెదిరించడం లాంటివి జరిగాయా అని అడుగుతారు. చివర్లో అడిగినవి చాలా ముఖ్యం. గొంతు నులిమిన ఇంట్లో ముందు ముందు ప్రాణాపాయం పెరుగుతుందని ఈ రంగంలో పనిచేసేవాళ్లందరికీ తెలుసు.

ఆ తర్వాత ఆమె ముందు దారులు పెడతారు. సఖి సెంటర్‌కి వెళ్లి మాట్లాడొచ్చు. ప్రొటెక్షన్ ఆఫీసర్ ద్వారా కోర్టుకు వెళ్లొచ్చు. పోలీస్ కంప్లైంట్ ఇవ్వొచ్చు. ఉచిత లాయర్ని అడగొచ్చు. లేదా ఈరోజుకి ఏమీ వద్దు, మనసు తేలిక చేసుకోవడానికే చేశాను అనొచ్చు. మంచి హెల్ప్‌లైన్ ఏదైనా ఆమెను తొందరపెట్టదు. ఇల్లు వదిలెయ్ అని చెప్పదు, సర్దుకుపో అని కూడా చెప్పదు. మళ్లీ ఫోన్ చేయాల్సి వస్తే ఏ నంబర్‌కి, ఏ టైంకి చేస్తే క్షేమమో అడిగి రాసుకుంటుంది.

సఖి సెంటర్‌లో వైద్యం, పోలీసు సాయం, న్యాయ సలహా, కౌన్సెలింగ్, తాత్కాలిక వసతి ఒకే చోట దొరకాలన్నది పథకం ఉద్దేశం. వసతి మాత్రం 5 రోజుల వరకే. ఆ తర్వాత అవసరమైతే శక్తి సదన్ లాంటి హోమ్‌లకు పంపాలి. హైదరాబాద్‌లో 2016 నుంచి పోలీసుల ఆధ్వర్యంలో నడుస్తున్న భరోసా కేంద్రం కూడా ఇదే పద్ధతిది. స్టేషన్ గడప తొక్కాలంటే జంకేవాళ్లకు అది కొంత సులువు.

భయం ఒకటి: జైలు

గృహ హింసకు సంబంధించి రెండు వేర్వేరు చట్టాలున్నాయి. జనం రెండింటినీ కలిపేసి చూడటం వల్లే ఈ భయం.

ఒకటి క్రిమినల్ చట్టం. పాత 498ఏ సెక్షన్ 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86 సెక్షన్లుగా మారింది. మూడేళ్ల వరకు జైలు పడొచ్చు. ఇందులోనూ కంప్లైంట్ రాగానే ఆటోమేటిగ్గా అరెస్ట్ చేయకూడదని సుప్రీంకోర్టు 2014లోనే అర్నేష్ కుమార్ కేసులో తేల్చిచెప్పింది.

రెండోది గృహ హింస నుంచి మహిళలకు రక్షణ చట్టం. 2005లో చేశారు, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. ఇది ప్రధానంగా సివిల్ స్వభావం ఉన్న చట్టం. దీని కింద కేసు వేస్తే మొదట అడిగేది శిక్ష కాదు, రక్షణ. కొట్టొద్దని ఉత్తర్వు, ఇంట్లోంచి గెంటొద్దని ఉత్తర్వు, ఖర్చులకు డబ్బు, పిల్లల తాత్కాలిక కస్టడీ. ఆ ఉత్తర్వును లెక్కచేయకుండా మళ్లీ హింసకు దిగితేనే ఏడాది వరకు జైలు లేదా 20 వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అంటే ఆగమని కోర్టు చెప్పిన తర్వాత కూడా ఆగని మనిషికే జైలు.

ఈ చట్టం భార్యలకే పరిమితం కాదు. కొడుకు చేతిలో దెబ్బలు తింటున్న తల్లి, అన్నదమ్ముల ఇంట్లో నరకం చూస్తున్న చెల్లి, వితంతువైన కోడలు కూడా వెళ్లొచ్చు. అన్ని మతాల మహిళలకూ ఒకటే.

భయం రెండు: తలాక్

ఒక్క మాటలో మూడుసార్లు తలాక్ చెప్పి పెళ్లి తెంచేయడం చెల్లదని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 22న తీర్పు ఇచ్చింది. 2019 చట్టం దాన్ని నేరం చేసింది. కాబట్టి "ఫోన్ చేశావంటే మూడు మాటలతో పంపించేస్తా" అనే బెదిరింపుకు చట్టం ముందు విలువ లేదు. ఆ బెదిరింపే ఒక హింస.

విడాకులు నిజంగానే జరిగినా హక్కులు ఆవిరైపోవు. ఖులా తీసుకున్న ఒక ముస్లిం మహిళ కేసులో, కాపురం ఉన్న రోజుల్లో జరిగిన హింసకు విడాకుల తర్వాత కూడా గృహ హింస చట్టం కింద కోర్టుకు రావచ్చని సుప్రీంకోర్టు 2014లో చెప్పింది. 2024 జులై 10న వచ్చిన ఇంకో తీర్పు మన తెలంగాణ కేసులోదే. విడాకులైన ముస్లిం మహిళ కూడా సీఆర్‌పీసీ 125 కింద భరణం అడగొచ్చని అందులో స్పష్టం చేసింది. ఆ సెక్షన్ ఇప్పుడు కొత్త చట్టంలో 144గా ఉంది. 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు, ఖులా కోరే హక్కు భార్యదేనని, భర్త ఒప్పుకోకపోతే అది ఆగిపోదని తీర్పు ఇచ్చింది.

ఈ నాలుగూ కలిపి చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. కాపురంలో ఉన్నా, బయటికొచ్చినా, తలాక్ అయినా, ఖులా తీసుకున్నా ఆమెకు తలుపు మూసుకుపోలేదు. హెల్ప్‌లైన్‌కి చేసినప్పుడు తన పరిస్థితి ఇందులో ఏదో చెబితే చాలు, లాయర్ తగిన దారి చూస్తాడు.

భయం మూడు: ఇజ్జత్

విషయం బయటపడుతుందన్న భయాన్ని కొట్టిపారేయలేం. దానికి జవాబు గోప్యత. ఫోన్‌లో చెప్పింది కౌన్సెలర్ ఆమె ఇష్టం లేకుండా ఇంటివాళ్లకు చెప్పకూడదు. అయితే చాలా ఇళ్లలో ఫోనే అసలు సమస్య. కాల్ హిస్టరీ చూడటం, వాట్సాప్ చదవడం, అసలు ఫోనే లాక్కోవడం జరుగుతోంది. 2020 లాక్‌డౌన్‌లో ఇది బాగా బయటపడింది. కొట్టే మనిషి 24 గంటలూ ఇంట్లోనే ఉన్నాడు. మార్చి 23కి ముందు 25 రోజుల్లో జాతీయ మహిళా కమిషన్‌కు 123 గృహ హింస ఫిర్యాదులు వస్తే, తర్వాతి 25 రోజుల్లో 239 వచ్చాయి. మాట్లాడలేనివాళ్ల కోసం కమిషన్ ఏప్రిల్ 10న వాట్సాప్ నంబర్ ఇవ్వాల్సి వచ్చింది.

అందుకే కొన్ని జాగ్రత్తలు. కుదిరితే అమ్మ, చెల్లి, పక్కింటి ఆపా ఫోన్ నుంచి చేయడం మేలు. సొంత ఫోన్‌తో చేస్తే కాల్ చెరిపేయాలి. ఆధార్, నికాహ్‌నామా, బ్యాంక్ పాస్‌బుక్, పిల్లల సర్టిఫికెట్లు, నగల బిల్లులు, డాక్టర్ చీటీలు ఫొటో తీసి నమ్మకస్తులకు పంపి ఉంచాలి. దెబ్బలతో ఆసుపత్రికి వెళ్తే "మెట్ల మీద పడ్డాను" అనకుండా ఉన్నది ఉన్నట్టు రాయించుకోవాలి. రేపు కోర్టులో ఆ చీటీయే మాట్లాడుతుంది.

డబ్బు దగ్గర ఆగిపోయే అడుగు

ఈ మూడు భయాల కింద ఇంకోటి ఉంది, దాన్ని ఎవరూ పైకి చెప్పరు. రేపు ఇంటి అద్దె ఎవరు కడతారు? పిల్లల స్కూల్ ఫీజు? నగలు అత్తగారి లాకర్‌లో ఉన్నాయి, ఏటీఎం కార్డు ఆయన జేబులో ఉంది. జీతం వచ్చే అమ్మాయిదీ చాలాసార్లు ఇదే కథ.

2005 చట్టం దీన్ని ఆర్థిక హింస అని పేరు పెట్టి మరీ చెప్పింది. ఖర్చులకు డబ్బు ఇవ్వకపోవడం, స్త్రీధనం, నగలు లాగేసుకోవడం, ఇంట్లో వాడుకునే హక్కు ఉన్న వస్తువులు దక్కకుండా చేయడం అన్నీ అందులోకి వస్తాయి. మేజిస్ట్రేట్ నెలవారీ ఖర్చు, వైద్యం ఖర్చు ఇప్పించొచ్చు, స్త్రీధనం వాపసు చేయమనొచ్చు. భర్త ఇవ్వకుండా తిప్పుతుంటే, అతని జీతంలోంచి కొంత నేరుగా ఆమెకు ఇవ్వమని యజమానినే ఆదేశించొచ్చు. ఈ చివరి నిబంధన చట్టంలోని 20వ సెక్షన్‌లో ఉంది, తెలిసినవాళ్లు తక్కువ.

"నాకు ఆదాయమే లేదు" అనే వాదన కూడా ఇప్పుడు అంత తేలిక కాదు. భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆదాయం, ఆస్తులు, అప్పుల వివరాలతో అఫిడవిట్ వేయాలని సుప్రీంకోర్టు 2020 నవంబర్‌లో ఆదేశించింది. భరణం అర్జీ పెట్టిన తేదీ నుంచే లెక్కగట్టాలని చెప్పింది. ఇంటి విషయంలోనూ 2020 అక్టోబర్‌లో ఒక తీర్పు ఉంది. ఇల్లు మామగారి పేరు మీద ఉంది కాబట్టి కోడలికి అక్కడ ఉండే హక్కే లేదనడం కుదరదు. ఇక లాయర్ ఫీజు సంగతి. న్యాయ సేవల చట్టం కింద ఆదాయంతో పని లేకుండా మహిళలందరికీ ఉచిత న్యాయ సాయం ఉంది, నంబర్ 15100.

పుట్టింటికి వచ్చేసిన అమ్మాయి కేసు కోసం మళ్లీ అత్తింటి ఊరికి తిరగక్కర్లేదు. తాత్కాలికంగా ఉంటున్న చోటే గృహ హింస కేసు వేయొచ్చు. భర్త గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉండి ఆమెను ఇక్కడ అత్తింటివాళ్లు వేధిస్తున్నా ఈ చట్టం పనిచేస్తుంది. అమెరికాలో భర్తతో ఉన్నవాళ్లకు అక్కడ 1996 నుంచి జాతీయ గృహ హింస హాట్‌లైన్ ఉంది. ఇంగ్లిష్ రాకపోయినా అనువాదకుల సాయంతో మాట్లాడొచ్చు.

పెద్దలు అడిగే ప్రశ్న

మన దగ్గర గొడవ ముందుగా వెళ్లేది పెద్దల దగ్గరికి. ఖాందాన్ పెద్దలు, మస్జిద్ కమిటీ, ఊళ్లో పలుకుబడి ఉన్నవాళ్లు కూర్చుంటారు. కలిపి ఉంచాలన్న ఉద్దేశంలో తప్పేం లేదు. కానీ అక్కడ మొదట వచ్చే ప్రశ్న చాలాసార్లు ఇది: "అసలు ఏం చేసిందని కొట్టాడు?"

గృహ హింస కేసుల్లో కోర్టు పంపే కౌన్సెలింగ్‌కు 2006 నిబంధనలు ఒక గీత గీశాయి. హింసను సమర్థించుకునే వాదన భర్త చేయడానికి వీల్లేదు. మళ్లీ చేయనని హామీ తీసుకోవడమే ఆ కౌన్సెలింగ్ పని. పెద్దలు ఈ ఒక్క నిబంధనను తమ బైఠక్‌లో పాటిస్తే చాలా మారుతుంది. అలిగినందుకు కొట్టాడా, ఎదురు మాట్లాడినందుకు కొట్టాడా అన్నది పక్కన పెట్టి, చెయ్యి చేసుకోవడం ఆగిందా లేదా అన్నదే చూడాలి. రాజీ కాగితం రాసేటప్పుడు నెల తర్వాత, మూడు నెలల తర్వాత ఆ అమ్మాయిని ఒంటరిగా కలిసి అడిగే మనిషి ఎవరో కూడా రాయాలి. హామీ ఇచ్చిన మనిషి మళ్లీ కొడితే, బాధ్యత ఇక ఆమె ఒక్కదానిదే అన్నట్టు పెద్దలు తప్పుకోకూడదు.

బంధువులు, పొరుగువాళ్లు కూడా 181కి చేయొచ్చు. హింస జరుగుతోందని నమ్మి మంచి ఉద్దేశంతో సమాచారం ఇచ్చినవాళ్లపై సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదని చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. అయితే వీలైతే ముందు ఆమెను అడిగి చేయడం మంచిది. ఎప్పుడు, ఎలా అన్నది ఆమెకే బాగా తెలుసు. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మాత్రం అడగడానికి ఆగకూడదు.

నంబర్ వెనుక ఎవరున్నారు

హెల్ప్‌లైన్ గొప్పతనం ఫోన్ ఎత్తడంతో అయిపోదు. ఆ తర్వాత మనిషిని ఎక్కడికి పంపుతున్నారన్నదే అసలు పరీక్ష. 2020లో ఉత్తరప్రదేశ్‌లో 181లో పనిచేసిన వందలాది మంది ఉద్యోగినులు నెలల తరబడి జీతాలు రాక రోడ్డెక్కారు. అక్కడ ఆ సర్వీసు ఆగిపోయి కాల్స్ 112కి మళ్లాయి. బాధితుల మాట వినే ఆడవాళ్లకే జీతం లేకపోతే ఆ నంబర్ ఎంతకాలం మోగుతుంది?

ఇంకో బలహీనత ప్రొటెక్షన్ ఆఫీసర్లది. ఇంట్లో జరిగింది రిపోర్టుగా రాసి మేజిస్ట్రేట్‌కి పంపాల్సింది వీళ్లే. అర్జీ అందాక మామూలుగా 3 రోజుల్లో మొదటి విచారణ, 60 రోజుల్లో తేల్చే ప్రయత్నం జరగాలని చట్టం అంటోంది. కానీ చాలాచోట్ల స్త్రీ శిశు సంక్షేమ శాఖ అధికారులకు ఉన్న పనుల మీద ఇది అదనపు పని. చట్టం వచ్చి దాదాపు 20 ఏళ్లయ్యాక, 2025 మేలో సుప్రీంకోర్టు కల్పించుకుని జిల్లా, తాలూకా స్థాయిలో ప్రొటెక్షన్ ఆఫీసర్లను గుర్తించి నియమించండని రాష్ట్రాలకు చెప్పాల్సి వచ్చింది.

తెలుగు ముస్లిం కుటుంబాలు ప్రభుత్వాలను అడగాల్సినవి కూడా కొన్ని ఉన్నాయి. 181లో ప్రతి షిఫ్టులో ఉర్దూ మాట్లాడే కౌన్సెలర్ ఉండాలి. బాధ చెప్పుకునే భాష ఇంట్లో మాట్లాడే భాషే అవుతుంది. సఖి సెంటర్లలో నికాహ్, మెహర్, ఖులా, ఇద్దత్ అంటే ఏంటో తెలిసిన లాయర్లు ఉండాలి. మండలానికి ప్రొటెక్షన్ ఆఫీసర్ ఎవరో, ఫోన్ నంబర్ ఏంటో బోర్డు మీద ఉండాలి. 5 రోజుల తర్వాత పిల్లలతో సహా ఉండే చోటు జిల్లాలో ఎన్ని పడకలుందో చెప్పాలి.

మన వంతు పని అంతకంటే తేలిక. మస్జిద్ నోటీస్ బోర్డు మీద, మదర్సా గేటు దగ్గర, ఫంక్షన్ హాల్ ఆడవాళ్ల వైపు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో నాలుగు నంబర్లు పెట్టొచ్చు. మహిళా హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112, ఉచిత లాయర్ కోసం 15100, మనసు కుంగిపోయినప్పుడు మాట్లాడటానికి టెలీ మానస్ 14416. కూతురి పెళ్లికి ఫర్నిచర్ లిస్ట్ రాసే తండ్రి, ఈ నంబర్లు కూడా ఆమెకు ఇచ్చి "ఏ రోజైనా, ఏ టైంలోనైనా ఇంటికి రావచ్చు బేటా" అని ఒక మాట చెప్పి పంపాలి. 77 శాతం మంది ఎవరికీ చెప్పుకోలేకపోవడానికి ఒక పెద్ద కారణం, ఆ మాట వాళ్లు పుట్టింట్లో ఎప్పుడూ వినకపోవడమే.